గైరాంగర్‌లో ఓడ దిగే ముందు: అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇంగ్లాండ్‌లో ఉంటున్న మా స్నేహితుల్లో చాలామంది వేసవిలో అమ్మానాన్నలను ఇక్కడికి పిలిపించుకుని, సౌతాంప్టన్‌లో ఓడ ఎక్కించి నార్వే తీసుకెళ్తున్నారు. మేమూ జూన్‌లో వెళ్లొచ్చాం. తిండి, పడక అన్నీ ఓడలోనే. రోజూ పెట్టెలు సర్దే పని లేదు. పెద్దవాళ్లకు ఇంతకన్నా సుఖమైన ప్రయాణం నాకైతే తెలియదు. అయితే ఈ సుఖమంతా ఓడలో ఉన్నంతసేపే. రేవులో దిగి మళ్లీ ఎక్కేదాకా ఉండే ఏడెనిమిది గంటలే జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. ఆ గంటల గురించే ఈ రాత. అన్ని రేవుల సంగతీ ఒకేసారి చెప్పబోతే ఏదీ సరిగ్గా చెప్పలేను కాబట్టి, నేను బాగా చూసిన గైరాంగర్ గురించే చెప్తాను.

గైరాంగర్ చాలా చిన్న ఊరు. ఏడాది పొడవునా అక్కడే ఉండేవాళ్లు రెండు వందల చిల్లర మంది. అసలు సముద్రానికి దాదాపు 100 కిలోమీటర్లు లోపల, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ చివర ఉంటుంది. ఈ పాయలనే ఫియోర్డ్ అంటారు. 2005లో యునెస్కో ఈ ఫియోర్డ్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత చిన్న ఊళ్లోకి ఒక్కో ఓడ రెండు మూడు వేల మందిని దించుతుంది. కొన్ని రోజుల్లో రెండేసి ఓడలు కూడా వస్తాయి. బస్సులు, టాయిలెట్లు, కాఫీ షాపులు అన్నిచోట్లా క్యూలే. "దిగాక చూసుకుందాంలే" అనుకుంటే సగం రోజు క్యూలోనే గడిచిపోతుంది. ఏ బస్సు, ఏ పడవ, ఎన్నింటికి అన్నది బయల్దేరక ముందే ఖాయం చేసుకోండి.

వీసా సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ తప్పితే ఓడే ఎక్కనివ్వరు. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ, ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి షెంజెన్‌లో ఉంది. మన పాస్‌పోర్ట్‌కు షెంజెన్ వీసా కావాలి. దాంతోపాటు తిరిగి సౌతాంప్టన్‌లో దిగడానికి యూకే వీసా చెల్లుబాటులో ఉండాలి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నట్టయితే, షెంజెన్ వీసా ఇండియాలో ఉన్నప్పుడే తీసుకోమనండి. మామూలుగా ఎవరు ఎక్కడ నివసిస్తుంటే అక్కడే అప్లై చేసుకోవాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇక్కడ చేసుకుంటామంటే కుదరకపోవచ్చు. ఇన్సూరెన్స్‌లో కూడా "క్రూయిజ్" అన్న మాట ఉందో లేదో చూడండి, పాత జబ్బులు దాచకుండా రాయించండి.

ఇక అసలు విషయం, టైమ్.

ఇంగ్లాండ్ కంటే నార్వే ఒక గంట ముందు. ఇండియా కంటే వేసవిలో మూడున్నర గంటలు వెనక. ఓడలో రాత్రి గడియారం మారుస్తున్నామని మైకులో చెప్తారు, కానీ అది విననివాళ్లే ఎక్కువ. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంటే టైమ్ దానంతటది మారకపోవచ్చు. మా నాన్నగారి చేతి గడియారమైతే ఇంగ్లాండ్ వచ్చి నెలైనా ఇండియా టైమే చూపిస్తోంది. బీపీ మాత్ర ఆ లెక్కనే వేసుకుంటానని దాన్ని మార్చనివ్వలేదు. గైరాంగర్‌లో ఆయన ఒక బెంచీ మీద కూర్చుని, నేను నాలుగున్నరకల్లా రేవు దగ్గర ఉండాలంటే, తన గడియారం చూసుకుని "నాలుగున్నర అయిపోయింది కదా, ఓడ వెళ్లిపోయిందా?" అని కంగారుపడ్డారు. అప్పటికి అక్కడ ఒంటిగంటే అయింది. ఆ టెన్షన్ ఆయనకు సాయంత్రం దాకా తగ్గలేదు. కాబట్టి దిగేరోజు పొద్దున టిఫిన్ దగ్గరే అందరి గడియారాలూ, ఫోన్లూ ఓడ టైమ్‌కి కలపండి. మాత్రల లెక్క వేరే కాగితం మీద రాసిపెట్టండి.

రోజువారీ కార్యక్రమం కాగితంలో రెండు టైములు ఉంటాయి: ఓడ బయల్దేరే టైమ్, అందరూ లోపల ఉండాల్సిన టైమ్. మనకు లెక్క రెండోదే. ఓడ ఫియోర్డ్ మధ్యలో లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తుంటే మూడో టైమ్ కూడా ఉంటుంది, ఆఖరి పడవది. ఆ ఆఖరి పడవకు గంట ముందే రేవు దగ్గర ఉండేలా చూసుకోండి. ఓడవాళ్లు అమ్మే టూర్‌లో వెళ్తే, బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. సొంతంగా వెళ్తే ఆగదు. సొంతంగా వెళ్లొద్దని అనను, ఖర్చు బాగా తగ్గుతుంది, మేమూ అలాగే వెళ్లాం. కానీ ఈ ఊరి పరిస్థితి గుర్తుంచుకోండి. దక్షిణంగా పోవాలంటే వెయ్యి మీటర్ల కొండ ఎక్కాలి. ఉత్తరంగా పోవాలంటే 11 హెయిర్‌పిన్ మలుపుల ఓర్నెస్‌వేగన్ ఘాట్ ఎక్కి దిగి, ఐడ్స్‌డాల్‌లో ఫెర్రీ దాటాలి. మూడో దారి ఫియోర్డ్ మీద హెల్లెసిల్ట్‌కు ఫెర్రీ, అదే గంటకు పైన పడుతుంది. ఓడ తప్పితే టాక్సీ పట్టుకుని తర్వాతి రేవుకు పరిగెత్తడం మాటల్లో అనుకున్నంత తేలిక కాదు. అందుకే సొంతంగా వెళ్లేవాళ్లు దూరపు చోటు పొద్దున్నే చూసేసి, మధ్యాహ్నం ఊళ్లో తిరగండి.

ఓడ దిగేటప్పుడు పాస్‌పోర్ట్ ఫోటో ఫోన్‌లో, ఒక జిరాక్స్ కాగితం బ్యాగులో ఉంచుకోండి. ఓడవాళ్ల కాగితంలో రేవు ఏజెంట్ (రేవులో ఓడ తరఫున పనులు చూసే మనిషి) ఫోన్ నంబర్ ఉంటుంది. దాన్ని ఫోన్‌లో సేవ్ చేసుకోవడంతోపాటు అమ్మ పర్సులోనూ, నాన్న జేబులోనూ కాగితం మీద రాసి పెట్టండి. ఓడ తప్పితే మొదట ఫోన్ చేయాల్సింది ఆయనకే.

ఇంకో తికమక. కొన్ని ఓడలు పొద్దున మొదట హెల్లెసిల్ట్‌లో కాసేపు ఆగి, కొండదారిన బస్సులో గైరాంగర్‌కు వచ్చే టూర్‌వాళ్లను మాత్రమే దించుతాయి. గుంపు కదులుతోంది కదా అని వాళ్ల వెంట లైన్లో నిలబడకండి.

గైరాంగర్‌లో సీవాక్ అనే తేలే వంతెన ఉంది. అది దొరికిన ఓడ నుంచి నడిచి ఒడ్డుకు చేరొచ్చు. దొరకనివాళ్లకు చిన్న పడవే గతి. పెద్దవాళ్లకు రోజు మొత్తంలో ప్రమాదమైన క్షణం ఏదంటే నేను ఆ పడవలోకి పెట్టే అడుగే అంటాను. ఓడ కదలదు, పడవ మాత్రం కెరటానికి జానెడు లేస్తుంది, జానెడు దిగుతుంది. మధ్యలో సందు ఒకసారి మూసుకుంటుంది, ఒకసారి తెరుచుకుంటుంది. అక్కడ ఇద్దరు ఓడ సిబ్బంది నిలబడి చెరో చెయ్యీ పట్టుకుంటారు. మా అమ్మ ఒక చేత్తో చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుంది, ఇంకో చేతిలో హ్యాండ్‌బ్యాగు. సిబ్బందికి పట్టుకోవడానికి చెయ్యే లేదు. వాళ్లు ఆగమంటున్నారు, ఆమెకు భాష అర్థం కాక అడుగు వేయబోయింది. వెనక నుంచి నేను "అమ్మా, ఆగు!" అని అరిచాను. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఆ తర్వాత రేవుల్లో అమ్మ పంజాబీ డ్రెస్సే వేసుకుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, బ్యాగు మీరు పట్టుకోవాలి, వాళ్లు చెప్పినప్పుడే అడుగు వేయాలి. ఇవి ముందురోజు రాత్రే కూర్చోబెట్టి చెప్పండి, తలుపు దగ్గర చెప్తే తలకెక్కదు. సిబ్బంది మన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంటారు, మనమూ వాళ్ల మణికట్టే పట్టుకోవాలి. అరచెయ్యి తడిగా ఉంటే జారిపోతుంది. వీల్‌చైర్‌లో ఉండేవాళ్లను కెరటాలు ఎక్కువగా ఉన్నప్పుడు పడవలోకి ఎక్కించకపోవచ్చు. ఆ సంగతి బుకింగ్ అప్పుడే అడిగి తెలుసుకోండి.

బట్టల దగ్గర మనవాళ్లతో పెద్ద వాదనే అవుతుంది. రేవులో ఎండ కాస్తుంటుంది, స్వెట్టర్ ఎందుకంటారు. కానీ ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న డాల్స్‌నిబ్బా శిఖరం 1,476 మీటర్ల ఎత్తు. దారిలో ద్యూప్‌వాట్నెట్ అనే చెరువు మీద జూన్‌లో కూడా మంచు పలకలు తేలుతుండడం చూశాం. కింద 16 డిగ్రీలుంటే పైన మూడో నాలుగో. పైగా గాలి. ఎత్తు చూసి ఊపిరాడదేమోనని భయపడక్కర్లేదు, మన ఊటీ 2,240 మీటర్లు, దానికంటే ఇది చాలా తక్కువ. ఇబ్బందంతా చలిగాలితోనే. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంటికి అతుక్కుని చలి ఇంకా పెంచుతాయి. లోపల థర్మల్, మధ్యలో ఉన్ని, పైన టోపీ ఉన్న రెయిన్‌కోట్. ఈ మూడూ ఉంటే వేడిగా ఉన్నప్పుడు ఒక్కొక్కటీ తీసేయొచ్చు. గొడుగు ఓడలోనే వదిలేయండి. పైన నాన్నగారి గొడుగు తెరిచిన మొదటి నిమిషంలోనే వెనక్కి తిరిగి, రెండు కమ్మీలు విరిగాయి. మంకీ క్యాప్ మాత్రం బంగారంలా పనికొచ్చింది. కాళ్లకు చెప్పులు వద్దు, సాక్సుతో బూట్లే. నార్వేవాళ్లు వాతావరణానికి వైఆర్ అనే యాప్ చూస్తారు. అందులో గైరాంగర్‌కు వేరుగా, డాల్స్‌నిబ్బాకు వేరుగా చూడండి. పైన మబ్బు కమ్మితే తెల్లగా గోడ తప్ప ఏమీ కనిపించదు. అలాంటి రోజు కొండ మానేసి, ఊరికి దగ్గర్లోని ఫ్లీడాల్స్‌యూవె దగ్గర నుంచి ఫియోర్డ్ చూసి రండి. డబ్బు కట్టేశాం కదా అని పెద్దవాళ్లను ఆ చలిలోకి ఈడ్చకండి.

ఘాట్ మలుపులకు వాంతులయ్యేవాళ్లుంటే మాత్ర బస్సెక్కే అరగంట ముందే వేయాలి, మలుపుల్లో వేస్తే లాభం లేదు. ఏ మాత్ర అన్నది ఇంటి డాక్టర్‌నే అడగండి, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు మరీనూ.

నీళ్ల దగ్గర మనకో అలవాటుంది. ఏరు కనిపిస్తే దిగాలి, కాళ్లు తడుపుకోవాలి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకోవాలి. ఇక్కడ ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఫియోర్డ్ ఒడ్డున మన చెరువుల్లా మెల్లగా లోతు పెరగదు. ఒక అడుగు వేస్తే రాయి, ఇంకో అడుగుకు అడుగే అందదు. ఆ నీళ్లలోకి కొండల మీది మంచు కరిగి వచ్చి చేరుతుంది. ఈత వచ్చినవాళ్లకు కూడా ఆ చలికి ఒక్కసారిగా ఊపిరి బిగుసుకుపోతుంది. జలపాతాల పక్కన రాళ్లు నాచు పట్టి ఉంటాయి, పొడిగా కనిపించినా జారతాయి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర మన తెలుగు విద్యార్థులు ఇద్దరు నీళ్లలో పడి చనిపోయారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. ఆ వార్త చదివినప్పటి నుంచి ఫోటో కోసం ఎవరైనా రాయి మీద కాలు పెడితే నా గుండె ఆగినంత పనవుతుంది. కంచె దాటకండి, దాటేవాళ్లను చూస్తూ ఊరుకోకండి.

జలపాతం దగ్గర నుంచి చూడాలంటే గైరాంగర్ ఊళ్లోనే స్టోర్‌ఫోసెన్ పక్కన 327 మెట్ల దారి ఉంది. మధ్యమధ్య నిలబడి చూసే చోట్లున్నాయి, గట్టి కమ్మీలున్నాయి. ఆయాసం ఉన్నవాళ్లు పైనున్న ఫియోర్డ్ సెంటర్ నుంచి కిందికి దిగొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మాత్రం దిగడమే కష్టం, వాళ్లు ఓపికున్నంత వరకు ఎక్కి అక్కడే ఆగడం మేలు. రబ్బరు స్పీడ్ బోట్లు నీటి మీద ఎగిరెగిరి పడతాయి. నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు వాటి జోలికి పోవద్దు, మామూలు సైట్‌సీయింగ్ పడవ ఉంది.

ఒక సంగతి ఓడలో ఎవరూ పెద్దగా చెప్పరు. ఫియోర్డ్ దారిలో ఓకెర్నెసెట్ అనే కొండవాలు ఉంది. అక్కడ కొండకు పగులు పడి, ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున తెరుచుకుంటోంది. అది విరిగి నీళ్లలో పడితే ఒడ్డు ఊళ్లమీదికి సునామీ లాంటి అల వస్తుంది. దగ్గర్లోని టాఫ్యోర్డ్‌లో 1934 ఏప్రిల్ 7న అలాగే కొండచరియ పడి లేచిన అలకు 40 మంది చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఓకెర్నెసెట్‌ను ప్రభుత్వం రాత్రింబగళ్లు పరికరాలతో కొలుస్తోంది, కదలిక పెరిగితే ముందే ఊళ్లు ఖాళీ చేయించే ఏర్పాటు ఉంది. మీరు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. హెచ్చరిక సైరన్ మోగితే రేవు వైపు, ఓడ వైపు పరిగెత్తకూడదు. ఊరివాళ్లు చూపించిన దారిలో పైకి, కొండ వైపు వెళ్లాలి.

మిగతావి చిన్న విషయాలే. అంబులెన్స్‌కు 113, పోలీసుకు 112, అగ్నిమాపకానికి 110. పెద్ద ఆసుపత్రి ఊళ్లో లేదు కాబట్టి ఆ రోజు వేసుకోవాల్సిన మందులన్నీ, ఇంకో రోజుకు సరిపడా అదనంగా, చేతి బ్యాగులోనే ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లకు బిస్కెట్లు, పండు ఏదైనా పెట్టుకోండి. శాకాహారులకు ఊళ్లో దొరికేది తక్కువ, ఓడలో కడుపునిండా తిని దిగడమే ఉత్తమం. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసా ఒకటి చాలు. డబ్బు క్రోనర్లలో ఉంటుంది కానీ నోట్లు మార్చుకోవద్దు, కార్డు అన్నిచోట్లా పనిచేస్తుంది. ఓడలో ఉన్నప్పుడు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. సముద్రం మీది నెట్‌వర్క్ పట్టుకుందంటే రోమింగ్ ప్యాక్‌తో సంబంధం లేకుండా బిల్లు వేలల్లో వస్తుంది. గడ్డి పెంచుకున్న పొలాల్లోకి, ఇళ్ల ముంగిళ్లలోకి ఫోటోల కోసం వెళ్లకండి. అవి ఆ రెండు వందల మంది బతికే ఇళ్లు.

ఓడ ఎక్కాక అమ్మానాన్నలను వెంటనే పడుకోనివ్వకండి. తడి సాక్సులు మార్పించి, వేడి టీ ఇప్పించి, శాలువాలు కప్పి డెక్ మీదికి తీసుకెళ్లండి. బయల్దేరిన అరగంటకల్లా కుడివైపు సెవెన్ సిస్టర్స్ జలపాతం వస్తుంది, దానికి ఎదురుగా ఎడమవైపు సూటర్ (అంటే పెళ్లికి అడిగే వరుడు) జలపాతం. అక్కడివాళ్లు చెప్పేదేంటంటే, ఆ ఎడమవైపు వరుడు ఎదుటనున్న ఏడుగురు అక్కచెల్లెళ్లనూ పెళ్లికి అడుగుతూనే ఉన్నాడట. మే, జూన్ నెలల్లో మంచు కరుగుతుంటుంది కాబట్టి ఏడు ధారలూ నిండుగా ఉంటాయి. కుడివైపు కమ్మీ దగ్గర చోటు దొరకాలంటే ఓడ కదిలే పావుగంట ముందే వెళ్లి నిలబడండి.