నమోదు జాబితాలో కొత్త వ్యాపారాలను లెక్కించడం ఎలా

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లును ఒకసారి కొత్త సంస్థల కింద లెక్క వేశాను. కంపెనీ గుర్తింపు సంఖ్యలో 2019 అని ఉంది. వెళ్లి చూస్తే గేటు పక్క సిమెంటు పలక మీద 1994! భాగస్వామ్యంలో నడుస్తున్న మిల్లును అన్నదమ్ములు ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చుకున్నారు. అప్పటి నుంచి నమోదు తేదీని పుట్టిన తేదీగా నమ్మడం మానేశాను.

మీరు ముందుగా ఆ 21 అక్షరాల సంఖ్యను విడదీయండి. మొదటి అక్షరం తర్వాత 5 అంకెలు వ్యాపార రకం, ఆపైన 2 అక్షరాలు రాష్ట్రం, 4 అంకెలు ఏడాది. విభజనకు ముందటి జాబితాల్లో హైదరాబాద్ కంపెనీలకు కూడా ‘ఏపీ’ అనే ఉంటుంది. పాత, కొత్త జాబితాలను కలిపేటప్పుడు ఏడాదినీ చివరి 6 అంకెలనూ పోల్చండి. లేకపోతే ఒకే కంపెనీ రెండుసార్లు లెక్కకు వస్తుంది. చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ కూడా చూడండి. ఏళ్ల తరబడి దాఖలు చేయనివాటిని వేరుగా పెట్టండి.

జీఎస్టీ సంఖ్యలో మొదటి 2 అంకెలు రాష్ట్రం (తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37), తర్వాతి 10 అక్షరాలు పాన్. లెక్క పాన్ ప్రకారమే వేయండి. ఇక్కడ ఇంకో పెద్ద చిక్కుంది. సరుకులు అమ్మేవారికి నమోదు ఆంధ్రప్రదేశ్‌లో టర్నోవర్ 40 లక్షలు దాటితే తప్పనిసరి, తెలంగాణలో 20 లక్షలకే. ఏడాదికి 30 లక్షలు అమ్మే కిరాణా కొట్టు కోదాడలో ఉంటే నమోదు కావాలి, జగ్గయ్యపేటలో ఉంటే అక్కర్లేదు. ఈ లెక్కతో రెండు రాష్ట్రాలను పోల్చి ఒకచోట వ్యాపార దక్షత ఎక్కువని రాయడం అన్యాయం.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 2020 జులై 1న మొదలైన ‘ఉద్యమ్’ నమోదు స్వయంప్రకటన మీద నడుస్తుంది. బ్యాంకు రుణం కోసం నమోదైన ఒక దర్జీ 11 ఏళ్లుగా కుడుతున్నానని నాకు చెప్పింది. ధ్రువపత్రంలో వ్యాపారం ప్రారంభించిన తేదీ విడిగా ఉంటుంది, దాన్నే తీసుకోండి.

చివరగా జాబితాలోంచి ఒక వీధిని ఎంచుకుని నడవండి. బజారు సెలవు రోజున వెళ్లకండి. షట్టరు దించి ఉంటే పక్క టీ కొట్టులో “ఇది రోజూ తీస్తారా అండీ?” అని అడగండి. ఆ జవాబుకు మీ పట్టికలో ఒక గడి కేటాయించండి. బోర్డు ఉండి జాబితాలో లేని కొట్ల పేర్లు కూడా అక్కడే రాసుకోండి.