డిప్లాయ్ సక్సెస్, ఫంక్షన్ మాత్రం కనబడదు: నా అనుభవం

కోడ్‌ను అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌కి ఎక్కించే (డిప్లాయ్ చేసే) టూల్ సర్వర్‌లెస్ ఫ్రేమ్‌వర్క్. దాని వెర్షన్ 3తో మొదటి పైథాన్ ఫంక్షన్ డిప్లాయ్ చేశాను. టెర్మినల్‌లో ఎర్రర్ ఏమీ లేదు. కానీ ఏడబ్ల్యూఎస్ వెబ్‌సైట్ కన్సోల్‌లో చూస్తే, ఫంక్షన్లు కనిపించాల్సిన లాంబ్డా పేజీ ఖాళీ! చాలా టెన్షన్ పడ్డాను.

టెర్మినల్‌లో వచ్చిన ఎండ్‌పాయింట్ అడ్రస్‌ను (ఫంక్షన్‌ను పిలిచే వెబ్ లింకును) మళ్లీ చదివితే అందులో యూఎస్-ఈస్ట్-1 అని ఉంది. అంటే అమెరికాలోని వర్జీనియా రీజియన్ (ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లున్న ప్రాంతం). నా కంప్యూటర్‌లోని ఏడబ్ల్యూఎస్ కమాండ్‌లైన్ టూల్ సెట్టింగుల్లో హైదరాబాద్ అనే ఇచ్చాను, కానీ ఈ వెర్షన్ దాన్ని చూడదు. ప్రాజెక్టు సెట్టింగులుండే సర్వర్‌లెస్ వైఎమ్ఎల్ ఫైల్లో ప్రొవైడర్ కింద రీజియన్ రాయకపోతే నేరుగా వర్జీనియాకే పంపిస్తుంది.

అక్కడ హైదరాబాద్ కోడ్ ఏపీ-సౌత్-2 అని రాసి మళ్లీ డిప్లాయ్ చేశాను. ఈసారి సెక్యూరిటీ టోకెన్ చెల్లదని ఎర్రర్. అకౌంట్‌లోకి వెళ్లడానికి వాడే యాక్సెస్ కీలు పాడయ్యాయనుకుని రెండుసార్లు కొత్తవి చేసుకున్నాను, ఫలితం లేదు. అసలు కారణం వేరే. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో వచ్చింది. 2019 మార్చి తర్వాత వచ్చిన రీజియన్లను మన అకౌంట్‌లో మనమే ఎనేబుల్ చేసుకోవాలి. ముంబై పాతది కాబట్టి దానికి ఈ బాధ లేదు. అకౌంట్ సెట్టింగుల్లో ఎనేబుల్ నొక్కి, కాసేపు ఆగి డిప్లాయ్ చేస్తే అదే కీతో పనిచేసింది.

వర్జీనియాలో మిగిలిన పాత స్టాక్‌ను (మొదటి డిప్లాయ్‌లో తయారైనవన్నీ) మరచిపోకండి. ఫైల్లో రీజియన్ మారింది కాబట్టి ఉత్త రిమూవ్ కమాండ్ కొడితే కొత్తదే పోతుంది. రిమూవ్‌తో పాటు రీజియన్ ఆప్షన్‌లో యూఎస్-ఈస్ట్-1 అని ఇచ్చి తీసేశాను.