వాషింగ్ మెషీన్ తరలించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

విజయనగరం నుంచి శ్రీకాకుళానికి ఇల్లు మారేవారు ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌ను వ్యానులోకి ఎక్కించడానికి ముందు రోజే కుళాయి కట్టేసి, ప్లగ్ తీసి, పైపుల్లో మిగిలిన నీటిని బకెట్‌లోకి వంపాలి. ముందు భాగంలో కింద ఉండే ఫిల్టర్ మూత దగ్గర పళ్లెం పెట్టి నెమ్మదిగా తిప్పితే, లోపల నిలిచిన నీరు పీచుతో, ఒక్కోసారి చిల్లర నాణేలతో సహా బయటికి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనవి ట్రాన్సిట్ బోల్టులు, అంటే తరలించేటప్పుడు డ్రమ్ము కదలకుండా వెనుక నుంచి బిగించేవి. డ్రమ్ము పైన స్ప్రింగులకు వేలాడుతూ, కింద కుదుపును తగ్గించే డాంపర్ల ఆసరాతో కదలాడుతూ ఉంటుంది కనుక, దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దెబ్బా ఆ స్ప్రింగులు, డాంపర్ల మీదే పడుతుంది. అందుకే కొన్నప్పుడు వెనుక నుంచి తీసిన ఆ బోల్టులను వెతికి మళ్లీ బిగించాలి. మా ఇంట్లో వాటిని వారంటీ కార్డుతో కలిపి గుడ్డసంచిలో దాచాం. పోయి ఉంటే, అదే మోడల్‌కు సరిపోయేవి సర్వీస్ సెంటర్‌లో అడగండి.

లోపల బరువు దిమ్మలు ఉండడం వల్ల ఈ మెషీన్ తరచుగా 60 కిలోలు దాటుతుంది. తలుపు పట్టుకుని ఎత్తకూడదు. కనీసం ఇద్దరు పట్టాలి. బండిలో నిలువుగానే ఉంచి, బొంత చుట్టి, తాడుతో కట్టాలి. వానాకాలమైతే టార్పాలిన్ తప్పనిసరి.

కొత్త ఇంట్లో ఆన్ చేసే ముందు ఆ బోల్టులన్నీ తీసేయాలి.