చిన్న బ్లాగుకు ప్రకటనల ఆదాయం: యాడ్‌సెన్స్‌తో మొదలుపెట్టి, ఊళ్లోని దుకాణాల దాకా

చిన్న బ్లాగు మీద ప్రకటనలతో డబ్బు సంపాదించాలనుకునేవారిలో చాలామంది గూగుల్ యాడ్‌సెన్స్‌తో (సైటులో ప్రకటనలు చూపి, వచ్చిన సొమ్ములో వాటా ఇచ్చే సేవ) మొదలుపెట్టి, వచ్చిన అంకె చూసి నిరాశపడి అక్కడే ఆగిపోతారు. తొలి అడుగుగా అది మంచిదే గాని, తక్కువమంది చదివే బ్లాగుకు అసలు ఆదాయం ఆ విషయానికి సంబంధించిన స్థానిక వ్యాపారుల నుంచే రావాలని నా గట్టి అభిప్రాయం. హైదరాబాదులో మిద్దెతోటల గురించి తెలుగులో రాసే ఒక బ్లాగును ఉదాహరణగా తీసుకుని రెండు మార్గాలనూ వివరిస్తాను.

తెలుగు సైట్లకు యాడ్‌సెన్స్ 2018లో అందుబాటులోకి వచ్చింది. దరఖాస్తు చేసేవారికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఇన్ని వ్యాసాలు ఉండి తీరాలన్న నియమం లేదు గాని, ఇతరుల రాతలను ఎత్తి పెట్టిన సైటును, పట్టుమని పది వాక్యాలు లేని పుటలతో నింపిన సైటును తిరస్కరిస్తారు. ప్రకటనలు కుకీలను వాడతాయి కనుక ఆ సంగతి చెప్పే గోప్యతా విధానం పుట తప్పనిసరి. మీరెవరో, మిమ్మల్ని ఎలా సంప్రదించాలో తెలిపే పుట కూడా ఉంటే మంచిది. అనుమతి వచ్చాక వారిచ్చిన ఒక వాక్యాన్ని, మీ సైటులో ప్రకటనలు అమ్మే హక్కు ఎవరికుందో తెలిపే యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ (ads.txt) అనే ఫైలులో చేర్చాలి.

ఖాతాలో పేరు మీ బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే ఉండాలి. ఆదాయం 10 డాలర్లకు చేరాక చిరునామా నిర్ధారణ కోసం ఒక పిన్ (రహస్య సంఖ్య) మామూలు తపాలాలో వస్తుంది. ఫ్లాటు నంబరు, అపార్ట్‌మెంటు పేరు, గుర్తుగా దగ్గరలోని గుడినో బస్టాపునో, ఆరంకెల పిన్‌కోడును పూర్తిగా రాయండి; వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ చిన్న కవరు కరపత్రాల మధ్య పడి పోవడం తేలిక. నాలుగు నెలల్లోపు ఆ పిన్ నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. నిల్వ 100 డాలర్లు దాటితే, మరుసటి నెల 21 నుంచి 26వ తేదీల మధ్య సొమ్ము విడుదల చేస్తారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. వెయ్యి వీక్షణలకు 60 రూపాయలు వస్తాయనుకుంటే, నెలకు 15,000 వీక్షణలున్న బ్లాగుకు 900 రూపాయలు వస్తాయి; అంటే 100 డాలర్లు చేరడానికే పది నెలల దాకా పడుతుంది. ఈ వెయ్యికి వచ్చే మొత్తం విషయాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది: దసరా, దీపావళి రోజుల్లో వ్యాపారులు పోటీ పడతారు గనుక పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. ఆశపడి పుట నిండా ప్రకటనలు కుక్కితే ఫోనులో చదివేవారికి వ్యాసం తెరుచుకోవడమే ఆలస్యమవుతుంది. మీ ప్రకటనలను మీరు నొక్కడం, బంధుమిత్రుల చేత నొక్కించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఖాతా మూసేస్తారు, కూడిన సొమ్మూ పోతుంది.

ఇక రెండో మార్గం. ఆ 15,000 వీక్షణల్లో సగం హైదరాబాదు నుంచే వచ్చినా, వారంతా కుండీలు, కోకోపీట్, వర్మీకంపోస్టు, వేపపిండి, షేడ్‌నెట్ కొనేవారే. యాడ్‌సెన్స్ లెక్కలో వారు వట్టి అంకెలు. ఉప్పల్‌లోనో మొయినాబాదు దారిలోనో నర్సరీ నడిపే మనిషికి మాత్రం వారు తన దుకాణానికి రాదగిన కొనుగోలుదారులు. అందుకే అతను ఎక్కువ ఇవ్వగలడు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా జరిగినప్పుడు ఇలాంటి అమ్మకందారులు ఒకే చోట కనిపిస్తారు. ఆ రద్దీలో బేరం మాట్లాడకుండా నంబరు తీసుకుని, తర్వాత పనిరోజు మధ్యాహ్నం దుకాణానికి వెళ్లండి.

వెళ్లినప్పుడు పెద్ద మాటలు అక్కర్లేదు. ఫోనులో సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటలో మీ సైటు ఎలా కనబడుతోందో చూపే గూగుల్ ఉపకరణం) తెరిచి, ఏ మాటలు వెతికి మీ బ్లాగుకు వస్తున్నారో చూపండి. "మిద్దె మీద కుండీలో టమాటా", "ఆకుకూరలకు మట్టి మిశ్రమం" వంటివి కంటపడగానే ఆయనకు విషయం అర్థమవుతుంది. "మీకు ఏ నెలల్లో అమ్మకాలు మందగిస్తాయండీ?" అని అడిగి, ఆయన చెప్పింది రాసుకోండి. మృగశిర కార్తెతో తొలకరి విత్తనాల హడావిడి మొదలవుతుంది గనుక, జూన్ ప్రకటన కోసం మే మొదట్లోనే మాట్లాడాలి.

ధర నొక్కుకు ఇంత అని కాక నెలకు ఇంత అని చెప్పండి, ముందుగా తీసుకోండి. పుటలో ప్రకటన ఎక్కడ ఉంటుంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, బొమ్మ ఎవరు ఇస్తారు అన్నవి ఒక కాగితం మీద రాసుకుంటే తర్వాత మాట రాదు. అదే కాగితంలో, ప్రకటన ఇచ్చినంత మాత్రాన ఆ సరుకును వ్యాసంలో పొగడబోనని కూడా రాయండి. ఈ ఒక్క వాక్యం వల్ల ఒకరిద్దరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి, మీ పాఠకుల నమ్మకం తప్ప మీ దగ్గర అమ్మడానికి వేరే సరుకు లేదు.

డబ్బు తీసుకుని పెట్టిన ప్రతిదాని పైన "ప్రకటన" అని స్పష్టంగా ఉండాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదారి పట్టించే ప్రకటనను సమర్థించినవారికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆన్‌లైన్ పందేల ప్రకటనలు ఎంత ఇస్తామన్నా ఒప్పుకోకండి: తెలంగాణలో 2017 నుంచే ఆ పందేలు నిషిద్ధం, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ చట్టం చేసింది. ఇలాంటివి యాడ్‌సెన్స్ ద్వారా కనబడితే, ఖాతాలోని బ్లాకింగ్ కంట్రోల్స్‌లో ఆ ప్రకటనదారును ఆపేయవచ్చు.

నెల చివర ప్రకటనదారుకు నాలుగు వాక్యాల వాట్సాప్ సందేశం పంపండి: ఎందరు చూశారు, ఎందరు నొక్కారు, మీ బ్లాగు పేరు చెప్పి రాయితీ అడిగినవారు దుకాణానికి ఎందరు వచ్చారు. చివరిది ఆయనే లెక్కపెట్టాలి కాబట్టి, ఆ రాయితీ మాటను మొదటి రోజే ఖాయం చేసుకోవాలి. వచ్చిన ప్రతి చెల్లింపుకూ రసీదు ఇచ్చి, యాడ్‌సెన్స్ సొమ్ముతో కలిపి ఒకే పుస్తకంలో రాసుకుంటే, ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చుకోవడం సులువవుతుంది.