సాంప్లర్‌లో డప్పు దెబ్బలకు రౌండ్ రాబిన్ పొరలు అమర్చే విధానం

రికార్డు చేసిన ధ్వనులను కీ నొక్కగానే వాయించే సాధనమైన సాంప్లర్ ఒకే రికార్డింగును వెంటవెంటనే వాయించినప్పుడు ప్రతి దెబ్బా అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే మోగుతుంది. మెషీన్ గన్ ఎఫెక్ట్ అని పిలిచే ఈ లోపం తాళవాద్యాలలో మరీ కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. ఒకే దెబ్బను పలుమార్లు రికార్డు చేసి, కీ నొక్కిన ప్రతిసారీ వరుసలో తరువాతిది మోగేటట్టు అమర్చడం దీనికి విరుగుడు. ఆ పద్ధతే రౌండ్ రాబిన్. ఇక్కడ డప్పును తీసుకొని ఎస్ఎఫ్‌జెడ్ ఫార్మాట్‌లో వివరిస్తాను, ఎందుకంటే అది నోట్‌ప్యాడ్‌లో రాయగల మామూలు టెక్స్ట్ ఫైలు, దానిని వాయించే స్ఫోర్జాండో, స్ఫిజ్ వంటి ప్లేయర్లు ఉచితంగా దొరుకుతాయి.

ఫలితం చాలావరకు రికార్డింగులోనే తేలిపోతుంది. డప్పును మంట సెగకు కాచినప్పుడు బిగుసుకున్న చర్మం చల్లబడే కొద్దీ వదులై శ్రుతి దిగుతుంది కనుక, మొదటి టేకు (ఒకసారి రికార్డు చేసిన దెబ్బ) కాచిన వెంటనే, చివరిది చాలాసేపటికి తీస్తే, అవి వంతులవారీగా మోగేటప్పుడు శ్రుతి ఎగుడుదిగుడుగా వినిపిస్తుంది. అందువల్ల సిర్ర (కుడిచేతి పుల్ల) దెబ్బ టేకులన్నీ ఒక్క ఊపులో ముగించి, డప్పును మళ్లీ కాచిన తరువాతే చిటికెన పుల్ల (ఎడమచేతి సన్నపుల్ల) దెబ్బలకు వెళ్లాలి. వాయించేవారిని ప్రతిసారీ ఒకే బలంతో కొట్టమనండి. చేతిలో సహజంగా వచ్చే తేడా చాలు, కావాలని తెచ్చిన తేడా కుంటినడకలా వినిపిస్తుంది.

ప్రతి ఫైలునూ దెబ్బ పడిన చోటి నుంచే మొదలయ్యేలా కత్తిరించాలి. ఒక్క ఫైలు ముందు కొద్దిపాటి నిశ్శబ్దం మిగిలినా, దాని వంతు వచ్చినప్పుడల్లా తాళం వెనకబడుతుంది. శబ్దస్థాయిలను చెవితోనే సరిచూడడం మంచిది, పీకులు (శబ్దపు గరిష్ఠ స్థాయిలు) సమానమైనంత మాత్రాన వినికిడి సమానం కాదు.

ఎన్ని టేకులు? చాలామంది నాలుగు పెడతారు, కానీ మాత్రకు నాలుగు దెబ్బలు పడే చతురస్ర గతిలో నాలుగు పెడితే ప్రతి మాత్ర మొదటి దెబ్బకూ అదే టేకు పడుతుంది. ఐదు గాని ఏడు గాని పెడితే వరుస జరుగుతూ పోతుంది.

ఇక ఫైలు రాయడం. గ్రూప్ (<group>) శీర్షిక కింద key=36 (కీ సంఖ్య), lovel=1, hivel=63 (వెలాసిటీ, అంటే కీ నొక్కిన బలం, హద్దులు), loop_mode=one_shot (దెబ్బ చివరిదాకా మోగడానికి), seq_length=5 (వరుసలోని టేకుల సంఖ్య) అని ఆంగ్ల చిన్న అక్షరాలలో ఇచ్చి, దాని కింద ఐదు రీజియన్లలో (<region>, ఒక్కో టేకుకు ఒక్కో భాగం) మెల్లని దెబ్బల ఒక్కో సాంపిల్ (టేకు ఫైలు) పేరుతో పాటు seq_position (వరుసలో స్థానం) 1 నుంచి 5 వరకు వరుసగా ఇవ్వాలి. 64 నుంచి 127 వరకు గల వెలాసిటీకి గట్టి దెబ్బల టేకులతో మరో గ్రూప్ రాయాలి. లెంగ్త్ 5 అని రాసి నాలుగే రీజియన్లు ఇస్తే ప్రతి ఐదో దెబ్బ మూగబోతుంది. రెండింటికి ఒకే పొజిషన్ ఇస్తే రెండూ కలిసి మోగుతాయి.

వరుసకు బదులు lorand, hirand అనే హద్దులతో 0 నుంచి 1 వరకు గల పరిధిని ఐదు భాగాలు చేసి యాదృచ్ఛికంగానూ ఎంచవచ్చు. అయితే అప్పుడు ఒకే టేకు వెంటవెంటనే రెండుసార్లు రావచ్చు కనుక, వేగమైన దరువులకు వరుస పద్ధతే మేలని నా అభిప్రాయం.

పరీక్షించడానికి ఒకే వెలాసిటీతో దెబ్బలను లూప్‌లో తిప్పి వినండి. ఏదైనా టేకు ప్రతి ఐదో దెబ్బకూ విడిగా తేలుతుంటే దానిని మార్చేయాలి. పాటను మొదటికి తిప్పినంత మాత్రాన ప్లేయర్‌లోని లెక్క మొదటికి వస్తుందని అనుకోకూడదు. ఒకే పాటను రెండుసార్లు రెండర్ (ఆడియో ఫైలుగా తయారు) చేస్తే దెబ్బల వరుస మారవచ్చు కనుక, నచ్చిన ట్రాక్‌ను వెంటనే ఆడియోగా మార్చి భద్రపరచుకోవాలి.