పిల్లల లెక్కల్లో తప్పులు: ఏ తప్పు ఎందుకు వస్తుంది, ఏం చేయాలి

నోటుబుక్కులో ఎర్ర ఇంటూ గుర్తు పెడితే జవాబు తప్పని పిల్లలకు తెలుస్తుంది, ఎందుకు తప్పిందో తెలియదు. చాలాసార్లు మనకూ తెలియదు. "అజాగ్రత్త" అని రాసి సంతకం పెట్టేస్తాం. నేను చూసినంతలో, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు వచ్చే తప్పుల్లో అజాగ్రత్త పాలు తక్కువ. పిల్లల మనసులో ఏదో ఒక పద్ధతి ఉంటుంది, దాన్నే శ్రద్ధగా పాటిస్తారు. ఆ పద్ధతిలోనే లోపం ఉంటుంది.

అందుకే దిద్దే ముందు "ఎలా చేశావు నాన్నా, చెప్పు" అని అడగండి. జవాబు సరిగ్గా వచ్చినప్పుడు కూడా అడగండి. తప్పు చేసినప్పుడు మాత్రమే అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు రబ్బరు వెతుక్కుంటారు.

ఒకే పిల్లలో కింద చెప్పిన సమస్యలు మూడు నాలుగు కనిపిస్తే మొదటి దాని నుంచే మొదలుపెట్టండి. స్థానవిలువ, అంటే అంకె ఉన్న చోటును బట్టి దాని విలువ మారుతుందన్నది, కుదరకుండా మిగతావి ఎంత చేయించినా నిలవవు.

"నూట ఐదు" అంటే 1005 అని రాస్తారు

"మూడు వందల నలభై రెండు" రాయమంటే 300402 అని రాసేవాళ్లు కూడా వీళ్లే. చెవికి ఎలా వినిపిస్తే అలా రాస్తున్నారు: ముందు 100, పక్కన 5. విన్నది సరిగ్గానే విన్నారు. కానీ వంద పక్కన ఉన్న సున్నాలు ఖాళీ స్థానాలనీ, ఐదు వచ్చి అందులో కూర్చుంటుందనీ ఇంకా పట్టుబడలేదు.

పాత శుభలేఖలు ప్రతి ఇంట్లో ఉంటాయి. వాటి అట్టను మూడు కొలతల్లో కత్తిరించండి. 300 రాసిన కార్డు పొడవుగా, 40 రాసినది అంతకంటే పొట్టిగా, 2 రాసినది ఇంకా పొట్టిగా ఉండాలి. ఒక్కో అంకెకు ఒకే వెడల్పు ఇవ్వడం మర్చిపోవద్దు. మూడింటినీ కుడి అంచు కలిసేలా ఒకదాని మీద ఒకటి పెడితే 342 కనిపిస్తుంది. విడదీస్తే కింద దాక్కున్న సున్నాలు బయటపడతాయి. పిల్లలు దీన్ని ఇంద్రజాలంలా చూస్తారు, వాళ్లే మళ్లీ మళ్లీ పేర్చుకుంటారు.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. పిల్లలు ఇంట్లో ఒక భాషలో, వీధిలో ఇంకో భాషలో, బడిలో ఇంగ్లిష్‌లో అంకెలు వింటారు. ఉర్దూ మాట్లాడే ఇంటి నుంచి వచ్చే పిల్లలకు ఉన్‌సఠ్ 59, ఉన్‌హత్తర్ 69. ఆ పేర్లలో ఐదు గానీ, ఆరు గానీ నేరుగా వినిపించవు. ఇంగ్లిష్‌లో థర్టీన్, థర్టీ ఒకేలా వినపడతాయి. కొన్నాళ్లు ఏ భాషలో చెప్పినా వెంటనే "ఐదు పదులు, తొమ్మిది ఒకట్లు" అని కూడా చెప్పించండి. గందరగోళం సర్దుకుంటుంది.

తీసివేత తప్పుతోంది

ఈ ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు సమస్యలున్నాయి. 52 − 27 ఇచ్చి ఏ తప్పు జవాబు వస్తుందో చూడండి.

79 వస్తే గుర్తు చూడకుండా కూడేశారు. ఇది నిజంగానే అజాగ్రత్త. లెక్క మొదలుపెట్టే ముందు గుర్తు చుట్టూ సున్నా చుట్టమంటే చాలు.

26 వస్తే పద్ధతి తెలుసు, వేళ్ల లెక్క ఒకటి తేడా కొడుతోంది. 12 లోంచి 7 తీసేటప్పుడు "పన్నెండు" అంటూనే మొదటి వేలు ముడుస్తున్నారు. మొదటి వేలు ముడిచినప్పుడు పదకొండు అనాలి. నేల మీద సుద్దముక్కతో 0 నుంచి 20 వరకు గళ్లు గీసి, వెనక్కి గెంతించండి. నిలబడ్డ గడి కాదు, వేసిన గెంతు లెక్క.

35 వస్తే అసలు సమస్య అది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారు. ఈ అలవాటు చాలావరకు మనం నేర్పిందే. ఒకటో తరగతిలో "ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి" అని చెప్పాం, వాళ్లు గుర్తుపెట్టుకున్నారు. ఒక్కో వరుసనూ విడి లెక్కలా చూస్తున్నారు తప్ప 52ను ఒకే సంఖ్యగా చూడట్లేదు.

దీనికి నోట్లూ నాణేలూ మించిన సామాను లేదు. ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి నాణేలు ఇచ్చి, "నాకు 27 ఇవ్వు" అనండి. చేతిలో రూపాయి నాణేలు రెండే ఉన్నాయి, ఏడు కావాలి. ఒక నోటుకు చిల్లర తెచ్చుకోక తప్పదు. ఆ చిల్లర మార్చడమే పుస్తకంలో "అప్పు తీసుకోవడం". ఇప్పుడు మన ఇళ్లలో పాల ప్యాకెట్ నుంచి కూరగాయల దాకా ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేస్తున్నాం. కొట్టుకు వెళ్లి చిల్లర లెక్కపెట్టుకుని రావడమనేది చాలామంది పిల్లలకు అనుభవంలోనే లేదు. బడిలో ఆ అనుభవం ఇవ్వకపోతే ఇంకెక్కడా దొరకదు.

సున్నాలు వస్తే ఈ తప్పు ఇంకా బాగా బయటపడుతుంది. చార్మినార్ కట్టింది 1591లో, 2000 నాటికి దానికి ఎన్నేళ్లు అని అడగండి. ఒక్కో వరుసలో పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పిల్లలకు 1591 అనే వస్తుంది! తీసేయమన్న సంఖ్యే జవాబుగా వచ్చినా వాళ్లకు అనుమానం రాదు. వీళ్ల చేత మూడుసార్లు అప్పు తెప్పించి, సున్నాలన్నీ కొట్టేయించి టెన్షన్ పెట్టనవసరం లేదు. ముందుకు లెక్కపెట్టించండి: 1591 నుంచి 1600కు 9, అక్కడి నుంచి 2000కు 400. మొత్తం 409. నిలువు లెక్క తర్వాత నేర్పినా నష్టం లేదు.

8 + 4 = ☐ + 5 ఇస్తే గడిలో 12 రాస్తారు

వాళ్ల దృష్టిలో సమానం గుర్తు అంటే "ఇక జవాబు రాయి" అని. మనమే బోర్డు మీద 8 + 4 = 12 + 3 = 15 అని గొలుసుకట్టుగా రాస్తుంటే వాళ్లు ఇంకేం అనుకుంటారు? 8 + 4 ఎప్పటికీ 15కు సమానం కాదు. ముందు ఆ అలవాటు మనం మానాలి. తర్వాత అప్పుడప్పుడు తిరగేసి 12 = 8 + 4 అనీ, 7 = 7 అనీ, 6 + 2 = 5 + 3 అనీ రాసి "ఒప్పా, తప్పా?" అని అడగండి. తరగతిలో త్రాసు ఉంటే రెండు పళ్లేల్లోనూ ఒకే రకం గోళీలు వేసి చూపించండి.

ఎక్కం అప్పజెబుతారు, 7 × 8 అడిగితే తెల్లముఖం వేస్తారు

రాగం తెలుసు, లెక్క తెలియదు. ఏడో ఎక్కం మొదటి నుంచి అందుకుంటే తప్ప ఎనిమిది దగ్గరికి చేరలేరు. వల్లె వేయించడం తప్పని నేను అనను. అదొక్కటే చాలదంటున్నాను.

1, 2, 5, 10 ఎక్కాలు గట్టిగా వచ్చేలా చూడండి. వాటిని పక్కన పెట్టి, 3 × 7 తెలిస్తే 7 × 3 తెలిసినట్టేనని ఒప్పుకుంటే, పది ఎక్కాల్లో కొత్తగా నేర్చుకోవాల్సినవి 21 గుణకారాలే మిగులుతాయి. ఈ మాట చెబితే పిల్లల ముఖాలు వెలుగుతాయి. ఆ 21 కూడా తెలిసినవాటి నుంచి కట్టుకోవచ్చు: ఐదు ఎనిమిదులు 40, రెండు ఎనిమిదులు 16, కలిపితే 56.

612 ÷ 6 = 12

పదుల స్థానంలో 1 ఉంది, ఆరుగురికీ పంచడానికి చాలదు, కాబట్టి వదిలేశారు. అక్కడ సున్నా రాయాలని తట్టలేదు. మళ్లీ నోట్లే తీయండి. ఆరు వంద నోట్లు ఆరుగురికి తలా ఒకటి. ఒక్క పది నోటు ఎవరికీ రాలేదు, ఆ "రాలేదు"కే సున్నా. దాన్ని చిల్లర మారిస్తే ఉన్న రెండుతో కలిపి 12 రూపాయలు, తలా రెండు. భాగహారం మొదలుపెట్టే ముందే "జవాబులో ఎన్ని అంకెలు వస్తాయి?" అని అడగడం అలవాటు చేస్తే ఈ తప్పు వాళ్లే పట్టుకుంటారు.

మాటల లెక్క చూడగానే "కూడాలా, తీసేయాలా మేడం?"

రెండు కారణాలుండవచ్చు, ముందు అవి తేల్చుకోండి. అదే లెక్కను మీరు తెలుగులో కథలా చెప్పండి. చెప్పగానే చేసేస్తే సమస్య లెక్కలో లేదు, చదవడంలో ఉంది. తెలంగాణ ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటుంది. తెలుగు పేజీ తెరవడానికి మొహమాటపడొద్దు.

కథలా చెప్పినా చేయలేకపోతే, మాటను పట్టుకుని గుర్తు పెడుతున్నారని అర్థం. "మొత్తం" ఉంటే కూడిక, "ఎక్కువ" ఉన్నా కూడిక. అక్క దగ్గర 12 గాజులున్నాయి, అవి చెల్లి దగ్గర ఉన్నవాటికంటే 5 ఎక్కువ, చెల్లి దగ్గర ఎన్ని? 17 అంటారు. ఇలాంటి గుర్తింపు మాటల పట్టికలు గోడకు అంటిస్తుంటాం, నా మాట విని వాటిని తీసేయండి. అక్కకొకటి, చెల్లికొకటి కాగితం మీద పొడవాటి పట్టీల్లాంటి గళ్లు గీయించండి, ఎవరిది పొడవో ముందు తేల్చమనండి, అంకెలు ఆఖర్న వేయమనండి.

జవాబు కథకు సరిపోయిందో లేదో కూడా చూడమనాలి. జూపార్కుకు 130 మంది పిల్లలు వెళ్తున్నారు, బస్సుకు 46 మంది పడతారు, ఎన్ని బస్సులు కావాలి? "2, శేషం 38" అని రాసి పుస్తకం మూసేస్తే ఆ 38 మంది బడి గేటు దగ్గరే ఉండిపోతారు.

మూడో వంతు కంటే నాలుగో వంతు పెద్దదంటారు

3 కంటే 4 పెద్దది కదా, అంతే. పావు కిలో పెద్దదా, అరకిలో పెద్దదా అని అడగండి. రైతు బజారుకు ఒక్కసారి వెళ్లిన పిల్లలు కూడా తడబడరు. దాన్నే 1/4, 1/2 అని పక్కన రాసి, తర్వాత కాగితం మడతలతో 1/3కు వెళ్లండి.

దశాంశాల్లో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. 2.5 కంటే 2.35 పెద్దదంటారు, 35 పెద్దది కాబట్టి. పైసలతో చెప్పాలని చూడకండి. 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. ఇప్పటి పిల్లలకు పైసలంటే పుస్తకంలో మాటే. దర్జీ టేపుతో చెప్పండి: 2.5 మీటర్లంటే 2 మీటర్ల 50 సెంటీమీటర్లు, 2.35 అంటే 2 మీటర్ల 35.

స్కేలుతో కొలిస్తే ప్రతిసారీ ఒకటి ఎక్కువ

స్కేలును 1 దగ్గర నుంచి పెడుతున్నారు. "సున్నా దగ్గర పెట్టు" అని చెబితే ఆ రోజుకు సరిపోతుంది. కానీ లోపల ఉన్న పొరపాటు వేరే. వాళ్లు గీతల్ని లెక్కపెడుతున్నారు, గీతల మధ్య ఖాళీల్ని కాదు. వేళ్ల లెక్కలో 26 వచ్చిన పొరపాటు కూడా ఇదే.

మెట్రో ఎక్కిన పిల్లలకు ఇలా చెప్పొచ్చు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వరకు రెడ్ లైన్‌లో 27 స్టేషన్లున్నాయి. ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కు రైలు వెళ్లడాన్ని ఒక పరుగు అంటే, ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్ని పరుగులు? 26. అమీర్‌పేట మియాపూర్ నుంచి లెక్కపెడితే పదకొండో స్టేషన్, కానీ పది పరుగులే. పొడవు అంటే స్టేషన్ల లెక్క కాదు, పరుగుల లెక్క.

తర్వాత విరిగిన స్కేలు ఇవ్వండి. విరిగింది లేకపోతే మొదటి 3 సెంటీమీటర్ల మీద ప్లాస్టర్ అంటించండి. పెన్సిల్ 4 దగ్గర మొదలై 11 దగ్గర ఆగితే పొడవెంత? 7 అన్నవాళ్లకు కొలత అర్థమైంది. 11 అన్నవాళ్లు చివరి అంకె చదువుతున్నారు, 8 అన్నవాళ్లు ఇంకా గీతలే లెక్కపెడుతున్నారు. జవాబు మరీ వింతగా ఉంటే స్కేలు తిప్పి చూడండి, అంగుళాల వైపు వాడి ఉంటారు.

అసలు సెంటీమీటర్లు ఎందుకని అడిగే పిల్లలుంటారు, మంచి ప్రశ్న. అందరి చేత బెంచీని మూరల్లో కొలిపించండి. పూలమ్మే ఆమె మూర, టీచర్ మూర, మూడో తరగతి పిల్ల మూర ఒకటి కాదని పది నిమిషాల్లో తేలిపోతుంది.

వైశాల్యం అడిగితే చుట్టుకొలత రాస్తారు

రెండింటికీ పొడవు, వెడల్పు అనే అంకెలే ఇస్తాం, సూత్రాలు పక్కపక్కనే రాయిస్తాం. కలిసిపోక ఏం చేస్తాయి? కనీసం వారం తేడాతో నేర్పండి. 16 చదరపు పలకలు ఇచ్చి, 8 × 2గా ఒకసారి, 4 × 4గా ఒకసారి పేర్పించి చుట్టూ దారం కట్టించండి. పలకలు అన్నే ఉన్నాయి, దారం మాత్రం మొదటిదానికి 20, రెండోదానికి 16.

మన ఊళ్లో గజాల తంటా ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్లు "రెండు వందల గజాల ప్లాట్" అంటారు. అది చదరపు గజాలని ఎవరూ విడమరచి చెప్పరు. గజం అంటే మూడు అడుగులని పిల్లలకు తెలుసు, కాబట్టి 200 గజాలు 600 చదరపు అడుగులు అని లెక్క వేస్తారు. ఆవరణలో మూడడుగుల చదరం గీసి, అడుగు అడుగుకూ గీతలు గీయించి గళ్లు లెక్కపెట్టమనండి. తొమ్మిది వస్తాయి. అంటే ఆ ప్లాట్ 1800 చదరపు అడుగులు. ఉత్సాహమున్న ఐదో తరగతి వాళ్లకు 121 గజాలు ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం అని చెప్పి, ఎకరానికి ఎన్ని గజాలో తేల్చమనండి.

8:40కి బస్సెక్కి 10:15కి దిగితే ప్రయాణం 1 గంట 75 నిమిషాలు

1015లోంచి 840 తీసేశారు. గంటను నిమిషాలుగా చిల్లర మార్చేటప్పుడు వంద తెచ్చారు, ఇక్కడ 60 తేవాలి. నిలువు లెక్క వద్దు, గీత మీద గెంతించండి: 9:00కు 20 నిమిషాలు, 10:00కు 60, 10:15కు 15. మొత్తం 95 నిమిషాలు, అంటే గంటా 35 నిమిషాలు. ముళ్లున్న గోడ గడియారం ఒకటి చేతికిచ్చి, నిమిషాల ముల్లును వాళ్లే తిప్పుతూ లెక్కపెట్టమనండి.