ఒంటికి తొడుక్కునే రోబోకు బటన్లు, సంకేతాలు ఎలా అమర్చాలి?

పక్షవాతంతో కాలు పట్టు తప్పినవాళ్లను లేపి నడిపించే ఎక్సోస్కెలిటన్‌లో మోటార్లు ఎంత మంచివైనా, వాడేవాళ్లకు బటన్లు అర్థం కాకపోతే అది మూలన పడుతుంది. అమలాపురం దగ్గర పల్లెలో ఒక పెద్దాయన కోసం చేస్తున్నామనుకుందాం.

1. ముందు ఆయన రోజు చూడండి. అరుగు దిగడం, కాలువ గట్టు మీద నడక, కొబ్బరితోటలో బోదె దాటడం, మంచం మీద కూర్చోవడం. మోడ్‌లు వీటిలోంచే రావాలి: కూర్చో, లే, నడువు, మెట్లు. అంతకు మించితే టెన్షనే. పట్టీలు బిగించేది భార్యో, కోడలో కాబట్టి బకిల్స్‌కు రంగుతో పాటు ఆకారమూ వేరుగా ఉండాలి. కరెంటు పోయినా చేతికి తెలుస్తుంది.

2. తర్వాత ‘ఆపు’. ఎక్కువ సమయం దీనికే పెట్టండి. ఫ్యాను కట్టేసినట్టు కరెంటు తీసేస్తే కీళ్లు వదులై మనిషి కూలబడతారు. గాల్లో ఉన్న పాదం నేలకు ఆనాక మోకాళ్లు బిగుసుకోవాలి, మనిషి నిలబడే ఉండాలి. సగం కూర్చున్నప్పుడు నొక్కితే ఏం జరగాలో ఫిజియోథెరపిస్టుతో కలిసి తేల్చుకోండి. పక్షవాతం చాలాసార్లు అటువైపు చేతినీ లాగేస్తుంది, బాగున్న చేయి ఊతకర్ర మీద ఉంటుంది. అందుకే బటన్ కర్ర పిడి మీదే, బొటనవేలికి అందాలి. వెనక నడిచేవాళ్లకు నడుము పట్టీ మీద ఇంకోటి.

3. ఆదేశం ఎలా అందాలి? టచ్ స్క్రీన్ వద్దనే నా మాట. ముసురులో తడిసిన వేళ్లకు అది సరిగా పలకదు. జపాన్‌లో తయారైన ‘హాల్’ అనే ఎక్సోస్కెలిటన్ చర్మం మీది విద్యుత్ సంకేతాలు చదువుతుంది. మరో ఎక్సోస్కెలిటన్ ‘రీవాక్’‌లో ఒళ్లు కాస్త ముందుకు వంచితే అడుగు పడుతుంది. మొదటి పద్ధతిలో చెమట పడితే, సంకేతాలు అందుకోవడానికి చర్మానికి అంటించే ఎలక్ట్రోడ్‌ల పట్టు సడలుతుంది, కోనసీమ ఉక్కలో పరీక్షించకుండా నమ్ముకోవద్దు. మాటతో నడిపించాలంటే ‘ఆగు’, ‘సాగు’ రెండూ పెట్టకండి, నీళ్ల ఇంజిన్ మోతలో ఒకేలా వినిపిస్తాయి.

ఆదేశం అందిందని రోబో ఇచ్చే జవాబు నడుము దగ్గర వైబ్రేషన్‌గా రావాలి, అదీ 0.1 సెకనులోపు. ఆలస్యమైతే మళ్లీ నొక్కేస్తారు.

4. మోటార్లు బిగించకముందే పరీక్షించండి. బెల్టుకు చెక్క బటన్లు కట్టి ఇవ్వండి. ఏది నొక్కితే ఏం జరుగుతుందో పక్కన ఒకరు పైకి చెబితే చాలు. ఆయన దేనికోసం తడుముకుంటున్నారో చూడండి, మీరు మాత్రం నోరు మెదపకండి. చివర్లో ‘బానే ఉందండి’ అంటారు. నమ్మకండి, అది మావాళ్ల మర్యాద! మర్నాడు మళ్లీ వెళ్లి, ఏమీ గుర్తు చేయకుండా బెల్టు ఇవ్వండి. ‘ఆపు’ కోసం వెతుక్కుంటే దాని చోటు మార్చాల్సిందే.